ఊరిని అడిగి చూసిన మనిషి

ఆయన పోయారన్న కబురు నాకు పంక్చరు వేస్తుండగా తెలిసింది. నందిగామ నుంచి రోజూ బస్సులో వచ్చి పోయే డ్రిల్లు మాస్టారు దుకాణం ముందు ఆగి, "మీ పుస్తకాలాయన పోయాడంటండి. పది రోజులైందంట" అన్నాడు.

మీ పుస్తకాలాయన. మా జగ్గయ్యపేటలో ఆయన గురించి ఎవరు ఎవరితో మాట్లాడినా అలాగే అనేవారు. లాడ్జీ మేనేజరు నా దగ్గర "మీ ఆయన వచ్చాడండోయ్" అనేవాడు. నేను టైలరు సాయిబుగారి దగ్గర "మీ ఆయన ఇటు రాలేదా?" అని అడిగేవాణ్ణి. ఎవరి మనిషో తేలకుండానే పదేళ్ళపాటు మా ఊరికి వచ్చి వెళ్ళారు. పేరు తెలియక కాదు. లాడ్జీ పుస్తకంలో ప్రతి ఏడూ రాసేవారు. కానీ ఆ పేరుతో ఆయన్ని పిలిచినవాళ్ళు ఒక్కరూ నాకు గుర్తు లేరు.

బడి పుస్తకాలు, అట్లాసులు, గోడకి తగిలించే దేశపటాలు అమ్మే ఒక కంపెనీకి ఏజెంటు ఆయన. ఇల్లు నందిగామలోనే. అక్కణ్ణుంచి మా ఊరికి బస్సులో గంట ప్రయాణం. అయినా బళ్ళు తెరిచే రోజుల్లో వచ్చారంటే నాలుగైదు రోజులు మా దుకాణానికి ఎదురుగా ఉన్న లాడ్జీలో దిగేవారు. పొద్దున బళ్ళకి వెళ్ళి హెడ్మాస్టర్లని కలిసేవారు. మధ్యాహ్నం నుంచి నా దగ్గర అద్దె సైకిలు తీసుకుని ఊరి మీద పడేవారు.

"ఇంత దగ్గర ఇల్లు పెట్టుకుని లాడ్జీ ఎందుకండీ?" అని ఒకసారి అడిగాను.

"సాయంత్రం బస్సెక్కి పోయామంటే బళ్ళే కనపడతాయండి, ఊరు కనపడదు" అన్నారు.

ఆయన సైకిలెక్కే పద్ధతి చూసి బజారంతా నవ్వుకునేది. గొడుగు వంపుని చొక్కా కాలరుకి వెనకవైపు తగిలించేవారు. అది వీపు మీద గడియారం లోలకంలా ఊగుతుండేది. పంచె అంచు ఎత్తి నడుముకి దోపి, నాలుగడుగులు సైకిలుతో పాటు పరుగెత్తి అప్పుడు ఎక్కేవారు. కళ్ళజోడుకి ఒకపక్క పుల్ల విరిగితే నల్లదారం కట్టుకున్నారు. మరుసటి ఏడూ అదే దారం. ఆ పై ఏడూ అదే.

ఎదురైన ప్రతివాళ్ళనీ ఒకటే అడిగేవారు. "ఈ ఊళ్ళో నేను చూడాల్సింది ఒక్కటి చెప్పండి."

గుడి పేరు చెబితే తల అడ్డంగా ఊపేవారు. సినిమా హాలన్నా అంతే. "అవి అందరివీనండి. మీది చెప్పండి." ఊరి పక్కనున్న బౌద్ధుల కాలం నాటి దిబ్బ గురించి ఒక పంతులుగారు చెబితే, "మీరు అక్కడికి పోయి ఎన్నాళ్ళైందండీ?" అని అడిగారట. చిన్నప్పుడెప్పుడో చూశానన్నాడు పంతులుగారు. "అయితే అది పుస్తకం చెప్పే మాటండి. మీరు ఇప్పటికీ పోయే చోటు చెప్పండి."

రెండోది అడిగేవారు కాదు. కాగితం మీద రాసుకునేవారూ కాదు. చెప్పినచోటికి వెళ్ళి చూసి, మర్నాడు చెప్పిన మనిషి దగ్గరికి తిరిగొచ్చేవారు. ముందు "చూశానండి" అనేవారు. తర్వాత ఏం చూశారో చెప్పేవారు. బాగుందనీ బాగాలేదనీ అనేవారు కాదు. ఏమీ కనపడకపోతే, "నాకేం కనపడలేదండి. ఏ వేళప్పుడు పోవాలో చెప్పండి, మళ్ళీ పోతా" అనేవారు. పోయేవారు కూడా.

అలా ఆయనకి మా ఊళ్ళో ఏమేం తెలిశాయో వింటుంటే నాకు వింతగా ఉండేది. మా ఊరి బావుల్లో చాలావాటిలో నీళ్ళు చప్పిడిగానో ఉప్పగానో ఉంటాయి. మసీదు వెనక బావి నీళ్ళు ఒక్కసారి తాగి చూడమని టైలరు సాయిబుగారు చెప్పాడట. "రెండు చెంబులు తాగానండి. రెండోది దాహానికి కాదు" అని వచ్చి చెప్పారు. వాన పడ్డాక కోతమిల్లు దగ్గర తడిసిన టేకు పొట్టు వాసన చూడమని మంగలి చెప్పాడు. వాన కోసం ఒకరోజు ఎక్కువ ఉండిపోయారు. ఆ ఏడు ఆయన పటాలు పెద్దగా అమ్ముడుపోలేదని విన్నాను. "ఈయన పటాలు అమ్మడానికొచ్చాడా, మన ఊరి పటం గీయడానికొచ్చాడా?" అని హెడ్మాస్టరు నలుగురిలో అంటే, ఆయన కూడా వాళ్ళతో కలిసి నవ్వారు.

మొదటిసారి నన్ను అడిగిన రోజు మాత్రం నేను నవ్వలేదు.

డెబ్భై నాలుగు ఎండాకాలం చివర అది. అంతకు ముందు శీతాకాలంలో మా నాన్న పోయాడు. దుకాణం నా మెడకి పడింది. ఎప్పుడు దాన్ని వదిలించుకుని విజయవాడ పోదామా అని ఉండేది నాకు. టీకొట్టు బల్ల మీద నేను, నా స్నేహితులిద్దరు కూర్చుని ఉన్నాం. ఆయన వచ్చి సైకిలు అడిగి, ఆపైన ఆ ప్రశ్న వేశారు.

"ఏముందండీ ఈ ఊళ్ళో, దుమ్ము తప్ప?" అన్నాను.

"మీరు పుట్టిందిక్కడేనా?"

"ఇక్కడే."

"మరి ఇన్నేళ్ళూ దుమ్ములోనే ఉన్నారా?" అన్నారు. వెటకారం కాదు. నిజంగానే తెలుసుకుందామని అడిగారు. కానీ పక్కనున్న ఇద్దరూ ఘొల్లుమన్నారు. నాకు చెవులు కాలాయి.

"ఒకటుందండి. ముక్త్యాల రోడ్డున నాలుగు మైళ్ళు పోయి, ఎడమచేతి డొంకలో దిగి గుట్టల దాకా పోతే జలపాతం ఉంటది. మేం ఎప్పుడూ పోతాం" అన్నాను. ఆ చుట్టుపక్కల జలపాతం కాదు కదా, ఆ నెలలో చెంబెడు నీళ్ళు దొరకవు.

ఆయన గొడుగు కాలరుకి తగిలించుకుని వెళ్ళిపోయారు. ఆ ఎండలో ఆ గొడుగు ఊగుతూ పోవడం చూసి మేం ముగ్గురం బల్ల చరిచి నవ్వుకున్నాం.

నాలుగు దాటాక తిరిగొచ్చారు. ముఖం కందగడ్డలా ఉంది. పంచె నిండా తెల్లటి దుమ్ము. సైకిలుకి నెమ్మదిగా స్టాండు వేసి, "చూశానండి" అన్నారు.

మేం ముఖాలు చూసుకున్నాం.

"జలపాతం కనపడలేదు. అక్కడ సున్నపు బట్టీ ఉంది. రాయీ బొగ్గూ వరస మార్చి వరస ఎట్లా పేరుస్తారో చూశా. పైన నీలంగా మంట ఉంటదండి, ఎండలో సరిగ్గా కనపడదు. చెయ్యి పెట్టబోయాను, అక్కడున్న పెద్దాయన లాగేశాడు. కూర్చోబెట్టి మజ్జిగిచ్చాడు. సైకిలు ఎవరిదని అడిగితే మీ దుకాణం చెప్పా." కాలరుకి ఉన్న గొడుగు తీసి చేత్తో పట్టుకున్నారు. "మీ నాన్నగారు పోయారని ఆయనకి తెలీదండి. నేనే చెప్పాల్సొచ్చింది. ఒకప్పుడు ఆ బట్టీలో చెయ్యి కాలితే మీ నాన్నగారు అటుగా పోతా చూసి, సైకిలు మీద కూర్చోబెట్టుకుని ఊళ్ళోకి తీసుకొచ్చారంట. ఆలస్యమైతే చెయ్యి తీసెయ్యాల్సొచ్చేదని డాక్టరు అన్నాడంట. ఆ చెయ్యి చూపించాడు. మీరు పంపబట్టి కలిశాడండి."

అలా చెప్పి, ముఖం కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళారు. నా స్నేహితులు ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోయారు. మా నాన్న ఆ మాట ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే నేను ఆ బట్టీకి వెళ్ళాను. ఆ పెద్దాయన నన్ను చూడగానే నడకని బట్టి గుర్తుపట్టాడు. ఆ తర్వాత దుకాణం వదిలించుకునే మాట నా నోట రావడం తగ్గిపోయింది.

డెబ్భై ఏడులో నాకు పెళ్ళైంది. మా ఆవిడది పెనుగంచిప్రోలు. దుకాణం వెనకే కాపురం. మరుసటి ఏడు ఊళ్ళో ఆసుపత్రిలో మాకు ఒక మగపిల్లాడు పుట్టాడు. పుట్టినప్పుడే ప్రాణం లేదు. ఇంట్లో పెద్దవాళ్ళు వచ్చారు, ఏడ్చారు, వెళ్ళారు. పనిలో పడితే మర్చిపోతామని నాకు చెప్పారు. నేను పనిలో పడ్డాను. ఆమెకి ఏం చెప్పారో నాకు తెలియదు.

ఆ పై ఏడు ఆయన వచ్చినప్పుడు మంచినీళ్ళు అడిగితే లోపలికి పిలిచాను. మా ఆవిడ గ్లాసు తెచ్చి అక్కడ పెట్టి తలుపు పక్కకి వెళ్ళి నుంచుంది. ఆయన తాగి, గ్లాసు కింద పెట్టి, "అమ్మా, మీరు చెప్పండి. ఈ ఊళ్ళో నేను చూడాల్సింది ఒకటి" అన్నారు.

"నేనెక్కడికి పోతాను బాబాయిగారూ, నాకేం తెలుసు?" అంది.

"తనకేం తెలుసండి, గుడికీ సినిమాకీ తప్ప ఎక్కడికీ..." అని నేను అందుకున్నాను.

ఆయన నా వైపు చెయ్యెత్తారు. ఎవరి మాటకీ అడ్డు రాని మనిషి నన్ను ఆపడం అదొక్కసారే. "నేను అమ్మాయిగారిని అడిగానండి" అన్నారు.

బయట ఎవరో సైకిలు బెల్లు కొడుతున్నారు. నేను లేవబోయి మళ్ళీ కూర్చున్నాను.

"ఆసుపత్రి వెనకమాల కానుగ చెట్టు కింద రాతి అరుగుంది" అంది మా ఆవిడ తలుపు పక్క నుంచి. "మూడింటప్పుడు పోండి. ఆ వేళకి ఎవరూ ఉండరు. గాలి వస్తది."

మర్నాడు సాయంత్రం ఆయన వచ్చి, నా దగ్గర ఆగకుండా నేరుగా ఇంటి గుమ్మం దాకా వెళ్ళారు. నేను చేతిలో రెంచి పట్టుకునే వెనక నుంచున్నాను.

"చూశానమ్మా" అన్నారు. "మూడింటికి పోయా. గంటసేపు కూర్చున్నా. మీరన్నట్టే గాలొచ్చింది. దుప్పట్లు ఆరేసే ఒకావిడ వచ్చి, ఎవరి కోసమండీ అని అడిగింది. ఎవరి కోసం కాదమ్మా, ఒకమ్మాయి కూర్చోమని చెప్పిందన్నా. 'పోయినేడు ఒకమ్మాయి రోజూ మూడింటికి వచ్చి కూర్చునేది, ఆ పిల్లేనా? కనపట్టంలా, ఎట్లా ఉందో' అంది. ఆ అమ్మాయో కాదో నాకు తెలీదమ్మా అన్నా."

"నేనే బాబాయిగారూ" అంది మా ఆవిడ. "ఆవిడ పేరడగాలని కూడా తోచలా నాకు. ఒక్కోరోజు వచ్చి పక్కన కూర్చునేది. మాట్లాడేది కాదు."

ఆయన తలూపారు. ఇంకేమీ అడగలేదు. ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. చెప్పులేసుకుని లాడ్జీకి వెళ్ళిపోయారు.

ఆమె మధ్యాహ్నాలు పడుకుంటుందనుకునేవాణ్ణి నేను. నెలన్నరపాటు, నేను దుకాణంలో స్పోకులు బిగిస్తున్న వేళ, ఆమె వెనక తలుపు తీసుకుని అంత దూరం నడిచివెళ్ళి కూర్చుని వచ్చేది. పిల్లాణ్ణి ఆఖరిసారి ఒళ్ళో పెట్టుకున్న చోటికి అంతకంటే దగ్గరగా వెళ్ళే వీల్లేక అక్కడ కూర్చునేదట.

"నాకెందుకు చెప్పలా?" అన్నాను ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని.

"మీరు అడగలా" అంది. కోపంగా కాదు. నా పళ్ళెంలో కూర వేస్తూ, ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పింది.

మర్నాడు మూడింటికి దుకాణం తలుపులు వేశాను. ఇద్దరం వెళ్ళాం. ఆ దుప్పట్ల ఆవిడ మా ఆవిణ్ణి చూసి పరుగున వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. నేను పక్కన నుంచున్నాను. ఆడవాళ్ళిద్దరూ ఏడుస్తుంటే నాకూ ఏడుపొచ్చింది. ఏడాది తర్వాత, మొదటిసారి.

నాకు ఆయనకి చెప్పుకోదగ్గ చోటు దొరకడానికి ఇంకా మూడేళ్ళు పట్టింది. చిల్లకల్లు నుంచి వచ్చే దారిలో రోడ్డు ఒకచోట పల్లంలోకి దిగుతుంది. అక్కడ సైకిలు తొక్కకుండా వదిలేస్తే దానంతటదే ఫర్లాంగుకి పైగా పోతుంది. కొత్తగా బాగుచేసిన ప్రతి సైకిల్నీ అక్కడికి తీసుకెళ్ళి వదిలి చూడటం నాకు అలవాటు. అది అలవాటనే అనుకున్నాను గానీ, ఇష్టమని ఆయన కోసం వెతుక్కున్నప్పుడు తెలిసింది. చెబితే, "మీరూ రండి" అన్నారు. మామూలుగా ఎవరినీ వెంట రానిచ్చేవారు కాదు.

ఇద్దరం రెండు సైకిళ్ళు వదిలేశాం. యాభై దాటిన మనిషి, కాళ్ళు రెండూ పక్కలకి చాపి, గొడుగు వీపు మీద టపటపా కొట్టుకుంటుంటే గట్టిగా అరుచుకుంటూ పల్లంలోకి పోయారు. కింద ఆగాక ఆయాసపడుతూ నవ్వుతూనే ఉన్నారు. ఆ ఊపులో నేను బయటపడ్డాను.

"మొదటేడు జలపాతం అని మిమ్మల్ని అబద్ధం చెప్పి పంపానండి."

"తెలుసండి" అన్నారు. "రెండు మైళ్ళు పోయేటప్పటికే తెలిసింది. ఆ నేల చూస్తే తెలవదూ?"

"మరి వెనక్కి రాలేదేం?"

"చెప్పిన చోటిదాకా పోకపోతే అక్కడ ఏముందో ఎట్లా తెలుస్తదండి?" అని, కళ్ళజోడు తుడుచుకుని, "ఇంకోసారి పోదామా?" అన్నారు. సైకిళ్ళు తోసుకుంటూ మళ్ళీ పైకి నడిచాం.

ఆ తర్వాత మూడో ఏడు ఆయన రాలేదు. మరుసటి ఏడు కూడా రాలేదు. వేరే కుర్రాడు మోటారు సైకిలు మీద వచ్చి, ఒక్కపూటలో బళ్ళన్నీ తిరిగి వెళ్ళిపోయాడు. ఆయన సంగతి అడిగితే, ఒంట్లో బాగుండక మానేశారని విన్నానన్నాడు.

ఎనభై ఆరులో విజయవాడలో ఒక పెళ్ళికి వెళుతూ నేనూ మా ఆవిడా నందిగామలో దిగాం. ఒక గంట ఉండి ఐదు గంటల బస్సుకి వెళ్ళిపోవాలని. బస్టాండులో అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. చివరికి ఒక పుస్తకాల కొట్టతను ఇల్లు చూపించాడు. పాత బజారు వెనక సందులో పెంకుటిల్లు.

ఆయన భార్య తలుపు తీసింది. బక్కపలచటి మనిషి, తలంతా తెల్లబడింది. జగ్గయ్యపేట సైకిలు దుకాణం అని నేను చెబుతుండగానే ఆవిడ నన్ను దాటి మా ఆవిడ వైపు చూసి, "కానుగ చెట్టు అమ్మాయివి నువ్వేనా?" అంది.

మా ఆవిడ ఉలిక్కిపడి తలూపింది.

ఆయన లోపల పడక్కుర్చీలో ఉన్నారు. పక్షవాతం. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. మమ్మల్ని చూసి ఎడమ చెయ్యి ఎత్తారు. ముఖంలో సగం నవ్వింది. నేను పటాల గురించీ బళ్ళ గురించీ ఏదో అన్నాను. ఊరూరా అడుగుతూ తిరిగిన ఆ మనిషి, ఇక ఒక్క మాటా అడగలేక కూర్చుని ఉంటే చూడలేకపోయాను.

ఆవిడ మాకు కాఫీలిచ్చి గుమ్మంలో కూర్చుంది.

"పెళ్ళైన కొత్తలో నన్నూ అడిగారమ్మా, మీ అందరినీ అడిగినట్టే" అని మా ఆవిడతో చెప్పింది. "నందిగామలో నీకు నచ్చిన చోటేదని. నాకేం తెలుసండీ అన్నా. సిగ్గు. మళ్ళీ అడగలా ఈయన. తిరిగొచ్చి అందరి సంగతులూ చెప్పేవారు. కూర తరుక్కుంటా వినేదాన్ని. మీ కానుగ చెట్టు, సాయిబుగారి బావి, అన్నీ నాకు తెలుసు. ఈయన మాట పడిపోయాక ఇల్లు మూగబోయిందమ్మా. మూడు నెలలు భరించా. ఇంక నా వల్ల కాక ఒకనాడు రిక్షా పిలిచా."

"ఎక్కడికి పిన్నిగారూ?"

"రోజుకొక చోటికి. నాకు తెలిసిన చోట్లకి" అంది ఆవిడ లేస్తూ. "ఇవాళ ఎట్లాగూ మీరొచ్చారు. రండి."

రిక్షా అబ్బాయి, నేను కలిసి ఆయన్ని ఎత్తి కూర్చోబెట్టాం. ఆవిడ, మా ఆవిడ ముందు నడిచారు. నేను రిక్షా పక్కన నడిచాను. పెద్దగా దూరం లేదు, ఆ వీధి చివరికే. వడ్రంగి ఒకతను, కమ్మరి ఒకతను పక్కపక్కనే పని చేసుకునే ఖాళీ స్థలం. నేల మీద గుండ్రంగా పిడకలు పేర్చి మంట పెట్టారు. ఆ మంటలో ఎడ్లబండి చక్రానికి వేసే ఇనప పట్టా ఎర్రగా కాలుతోంది. పక్కన చెక్క చక్రం సిద్ధంగా పడుకోబెట్టి ఉంది.

"కాపురానికొచ్చిన కొత్తలో నీళ్ళకి పోతా ఇక్కడ నుంచునేదాన్ని" అంది ఆవిడ. "ఆలస్యమైందేమని మా అత్తగారు కేకలేసేది. ఈయన ఇన్నేళ్ళూ ఈ సందులోంచే బస్సుకి పోయారు. ఒక్కనాడు ఇటు తిరిగి చూడలా."

నేను గడియారం చూసుకున్నాను. ఐదుకి పది నిమిషాలుంది. మెల్లగా మా ఆవిడతో బస్సు సంగతి అనబోయాను. ఆయన భార్య విన్నది.

"చక్రానికి పట్టా ఎక్కేదాకా ఉండండి బాబూ. సగంలో పోతే చూసినట్టు కాదు" అంది.

ఉండిపోయాం. నలుగురు మనుషులు నాలుగు వైపుల నుంచి పట్టకార్లతో ఆ ఎర్రటి పట్టాని ఎత్తి తెచ్చి చక్రం మీద దించారు. చెక్క భగ్గుమంది. పొగలో సుత్తి దెబ్బలు. తర్వాత బిందెలతో నీళ్ళు కుమ్మరించారు. ఇనుము బిగుసుకుంటుంటే చక్రంలోని కీళ్ళన్నీ ఒక్కొక్కటిగా కిర్రుకిర్రుమంటూ దగ్గరయ్యాయి. ఆవిరి మా మీదికి వచ్చింది.

ఆయన ఎడమ చేత్తో నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు. గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. మళ్ళీ వచ్చింది. నేను వంగి చెవి పెట్టాను. నాకు ఒక్క అక్షరమూ తెలియలేదు.

ముందు నుంచున్న ఆవిడ వెనక్కి కూడా తిరగలేదు. చక్రం వైపే చూస్తూ జవాబిచ్చింది.

"లేదు లేదు, రోజూ ఉండదు. చక్రాలొచ్చిన రోజే చేస్తారు. ఈసారి వచ్చినప్పుడు కనుక్కుని మళ్ళీ తీసుకొస్తాలే."